కేబిన్ మార్పు: గోపింగెన్ డైరీ

అక్టోబర్ 4

అమ్మాయి వాళ్ల ఇంటిపై అంతస్తులో ఉండే పెద్దాయన గదినిండా బొమ్మ రైళ్లతో గైస్‌లింగెన్ ఘాట్ కట్టుకున్నాడు. అసలు ఘాట్ ఇక్కడికి దగ్గరే, స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వెళ్లే లైన్లో. 1850లో వేశారు. వెయ్యికి 22.5 ఎక్కుడు, మన రైల్వే లెక్కలో 1 ఇన్ 44. మన భోర్ ఘాట్ 1 ఇన్ 37, దానంత నిటారు కాదు. అయినా బరువు గూడ్సుకి ఇక్కడా వెనక తోసే ఇంజిన్, అదే బ్యాంకర్, పెట్టాల్సిందే. ఆయన బల్లమీద కూడా బ్యాంకర్ ఉంది. అంతా 1:87 కొలత.

కంట్రోల్ సామాను పాతదైంది, మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంటున్నాడు. నేను సిగ్నల్ డిపార్ట్‌మెంటు మనిషినని మనవరాలు చెప్పిందట. మా ఇద్దరికీ మధ్య మాట కూడా అదే అందిస్తోంది.

అక్టోబర్ 6

బొమ్మ రైళ్లు చేసే మేర్‌క్లిన్ ఈ ఊరిదే. 1859లో బొమ్మ వంటింటికి రేకు సామాన్లు చేస్తూ మొదలైన కంపెనీ. 1980ల నడిమిలో డిజిటల్ కంట్రోల్ తెచ్చింది. అంతకుముందు పట్టాల మీద కరెంటు పెంచితే ఆ లైన్లో ఉన్న ఇంజిన్లన్నీ పరిగెత్తేవి, తగ్గిస్తే అన్నీ నెమ్మదించేవి. డిజిటల్‌లో పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాంతోపాటే ఆజ్ఞ కూడా పోతుంది: ఫలానా నంబరు ఇంజిన్, ఫలానా వేగం. అందరికీ వినపడుతుంది, ఎవరి నంబరు వాళ్లు పట్టుకుంటారు.

పెద్దాయనది 6021 కంట్రోల్ యూనిట్. పక్కనే వరసగా, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే పాయింట్ల కీబోర్డులు, ఒక్కోదానికి పదహారు జతల బటన్లు. ఇన్నేళ్లయినా అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. మార్చాలనుకోవడానికి కారణాలు వేరు. వేగానికి 14 మెట్లే. ఇంజిన్ నంబర్లు 80 దాటవు. పైగా ఏ ఇంజిన్‌కి ఏ నంబరో ఆయన గుర్తుపెట్టుకోవాలి, ఈ మధ్య గుర్తుండటం లేదట.

అక్టోబర్ 7

ముందు కాగితం పని. వైర్ ముట్టుకోవద్దన్నాను.

బల్ల కింద పడుకుని టార్చి వేసి చూశాను. ఎరుపు వైరు పట్టాల మధ్య ఉండే పిన్నులకి, గోధుమరంగు పట్టాలకి, పసుపు దీపాలకీ పాయింట్లకీ. రంగులు ఎక్కడా తప్పలేదు. అంత శ్రద్ధగా వైరింగ్ చేసిన మనిషి డయాగ్రం మాత్రం గీసుకోలేదు. మొత్తం ఆయన తలలోనే ఉంది. సిగ్నల్ కేబిన్ మార్పుల్లో నేను చూసిన అసలు ప్రమాదం ఇదే. రిలేలు కొనొచ్చు, కేబుల్ లాగొచ్చు. మొదట వేసిన మనిషి రిటైరై వెళ్లిపోతే, ఫలానా టెర్మినల్ మీద ఆ రెండో వైరు ఎందుకుందో చెప్పేవాడుండడు.

మనవరాలు నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. ఆయన చెప్తున్నాడు, అది రాస్తోంది.

అక్టోబర్ 11

ఇవాళ ఒక ఇంజిన్ విప్పాం. లోపల ఆజ్ఞ వినే డీకోడర్ మీద బియ్యపుగింజ కంటే చిన్న తెల్లమీటలు, ఎనిమిది. నంబరు ఇక్కడే పెట్టాలి. రెండేసి మీటలు ఒక జత. ఒక్కో జతకి మూడు స్థితులు: మొదటిది ఆన్, రెండోది ఆన్, రెండూ ఆఫ్. నాలుగు జతలు, మూడేసి స్థితులు, మొత్తం 81. అందులో 80 వాడుకుంటుంది కంట్రోల్ డబ్బా. పైన ఉన్న 80 హద్దు ఎక్కడినుంచి వచ్చిందో ఈ మీటల్లో కనిపించింది. ఆ చిప్పులు మోటరోలావి, అందుకే డబ్బా ఇంజిన్లతో మాట్లాడే ఆ భాషకి ఇప్పటికీ ఆ పేరే.

పెద్దాయన సూదిమొనతో మీట కదిపి చూపించాడు. చెయ్యి వణికింది గానీ సరిగ్గా ఒక్కటే కదిలింది.

అక్టోబర్ 12

రాత్రి నిద్రపట్టలేదు. ఆ పాత భాషలో 'ముందుకి వెళ్లు' అనే ఆజ్ఞ లేదు. 'తిరుగు' అని మాత్రమే ఉంది. ఇంజిన్ తను ఎటు తిరిగి ఉందో తనే గుర్తుపెట్టుకుంటుంది, డబ్బాకి తెలీదు. అంటే కేబిన్లో కూర్చున్నవాడికి బండి ఎటు పోతుందో కదిలాకే తెలుస్తుంది. తర్వాత వచ్చిన పద్ధతుల్లో వేగం ఆజ్ఞతోపాటే దిశ కూడా ఉంటుంది. వేగం మెట్లు, శబ్దాలు, కొత్త డబ్బా రంగుల తెర, ఇవన్నీ అలా ఉంచి, మార్చడానికి ఈ ఒక్క కారణం చాలు నాకు.

అక్టోబర్ 15

దుకాణంలో కుర్రాడు ఇంజిన్లన్నిటికీ డీకోడర్లు మార్చేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొత్త కంట్రోల్ డబ్బా సెంట్రల్ స్టేషన్ 3కి మోటరోలా, డీసీసీ, ఎమ్‌ఎఫ్‌ఎక్స్ మూడు భాషలూ వచ్చు. ఒకే పట్టా మీద వంతులవారీగా మాట్లాడుతుంది. పాత ఇంజిన్ పాత భాష వింటుంది. పాయింట్ల డీకోడర్లు కూడా అలాగే ఉండొచ్చు. ముందు కేబిన్ మార్చు, బండ్ల సంగతి తర్వాత. రెండూ ఒకేసారి ముట్టుకుంటే, పనిచెయ్యనప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికి దారి ఉండదు.

బ్యాంకర్ జతకి మాత్రం ఇప్పుడే కొత్త డీకోడర్లు పెట్టాలి. 14 మెట్లతో ముందు ఇంజిన్, వెనక ఇంజిన్ ఎప్పుడూ కలవవు. ముందుది లాగుతుంటే వెనకది కాస్త ఎక్కువ తోస్తుంది, వంపులో మధ్య వ్యాగన్లు పైకి లేస్తాయి. సన్నటి మెట్లు కావాలి.

అక్టోబర్ 16

డీసీసీ గురించి చదువుకున్నాను. గీసెన్ ఊళ్లోని లెంజ్ కంపెనీ పనిమీద ఆధారపడి అమెరికా మోడల్ రైల్వే సంఘం 1990లలో ప్రమాణంగా తీసుకుంది. 'ఒకటి' అంటే కరెంటు అటు 58, ఇటు 58 మైక్రోసెకన్లు. 'సున్నా' అంటే అటూ ఇటూ కనీసం 100 చొప్పున. సిగ్నల్‌కి వేరే తీగ లేదు. ఇంజిన్‌ని నడిపే కరెంటే తిరగబడే తీరుతో మాట చెబుతోంది. కేబుల్ రూట్ల కోసం ట్రెంచీలు తవ్వించినవాణ్ణి, ఈ పొదుపు చూస్తే ఎంత ముచ్చటేసిందో.

అక్టోబర్ 20

పాత ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కన పెట్టించాను, దానిమీద ఎర్ర టేపు కూడా అంటించాను. అది ఏసీ. కొత్త డబ్బాకి డీసీ అడాప్టర్ కావాలి. కనెక్టర్ కుదిరినా కుదరకపోయినా టేపు ఉండాలి.

ఇంకోటి. రెండు కేబిన్లు ఒక లైన్ మీద ఉండకూడదు. పాత డబ్బా, కొత్త డబ్బా ఒకే పట్టాకి ఒక్క క్షణం కూడా కలవకూడదు. కలిస్తే రెండిట్లో ఒకటి పోతుంది.

అక్టోబర్ 23

కట్ ఓవర్. మన దగ్గర పేపర్లో 'నాన్-ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా రైళ్ల రద్దు' అని వేస్తారే, అదే. జనం తిట్టుకుంటారు. ఆ రోజుల్లో ఆ స్టేషన్లో ఒక్కో పాయింటూ చేత్తో తిప్పి, క్లాంపు బిగించి, తాళం వేసి బండి పంపుతారు. పాత మెదడు తీసేశాం, కొత్త మెదడు ఇంకా నమ్మదగ్గది కాలేదు. ఆ నడిమి గంటల్లో భద్రత అంతా మనిషి చేతిలోనే. 2015 జూన్‌లో ఇటార్సీ రూట్ రిలే కేబిన్ తగలబడ్డప్పుడు నెల దాటినా బండ్లు సర్దుకోలేదు. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు వెళ్లేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పట్టాలకి ఏమీ కాలేదు. కేబిన్ లేదు, అంతే.

పెద్దాయన పాత డబ్బా స్టాప్ బటన్ తనే నొక్కాడు. ఎరుపు, గోధుమ వైర్లు తీశాం. కొత్తదానికి బిగించాం. నంబరు 24 పెట్టి నాబ్ తిప్పాడు. పాత ఆవిరి ఇంజిన్ కదిలింది, ఏమీ మారనట్టే. అది చూసి ఇద్దరం గట్టిగా నవ్వాం.

అక్టోబర్ 24

కొత్త డీకోడర్ ఇంజిన్ తనంతట తానే పేరు చెప్పుకోవాలి, ఎమ్‌ఎఫ్‌ఎక్స్ అంటే అదే. 2004 నుంచి ఉంది ఈ పద్ధతి. పట్టా మీద పెడితే ఇంజిన్ తిరిగి జవాబిస్తుంది, తెరమీద బొమ్మ వస్తుంది. రాలేదు.

అక్టోబర్ 25

దొరికింది. సొరంగం కింద ఒక ఫీడ్ దగ్గర, పట్టాకీ మధ్య పిన్నుకీ అడ్డంగా ఒక చిన్న కండెన్సర్. డిజిటల్‌కి ముందు, రేడియోలో గరగర రాకుండా పెట్టేవాళ్లు. పాత డబ్బా గట్టిగా అరుస్తుంది కాబట్టి దానికి అడ్డు కాలేదు. ఇంజిన్ ఇచ్చే జవాబు సన్నటిది, దాన్ని ఈ కండెన్సర్ మింగేస్తోంది. కత్తిరించగానే తెరమీద ఇంజిన్ పేరు వచ్చింది. నోట్‌బుక్‌లో ఆ ఫీడ్ పక్కన పెద్దాయన 1978 అని రాయించాడు. పెట్టిన ఏడాది గుర్తుంది ఆయనకి!

నవంబర్ 2

ఘాట్ మీద జత ఇంజిన్లు. వ్యాగన్లు లేవలేదు.

నవంబర్ 9

నాకు నచ్చనిది ఒకటి మిగిలింది. పాయింట్‌కి రెండు కాయిల్స్. బటన్ నొక్కితే ఒక కాయిల్‌కి ఒక్క తోపు. అంతే. తెరమీద ఆకుపచ్చ వెలుగుతుంది. ఆ ఆకుపచ్చకి అర్థం 'తిప్పమని చెప్పాను' అనే గానీ 'తిరిగింది' అని కాదు. ఇవాళ లూప్ లైన్ పాయింట్ బ్లేడు కింద గడ్డిపొడి ఇరుక్కుని సగంలో ఆగింది. తెర మాత్రం పచ్చగానే ఉంది. పాత కీబోర్డు ఎర్ర దీపం కూడా ఇంతే. ఈ విషయంలో కేబిన్ మార్చినా ఒరిగింది లేదు.

అసలు రైల్వేలో డిటెక్షన్ రాకుండా సిగ్నల్ దిగదు. బ్లేడు పక్క పట్టాకి ఆనిందని, తాళం పడిందని పాయింట్ తనే చెప్పాలి. బొమ్మకి ఇంత అవసరమా అన్నాడు అల్లుడు. అవసరమే. తెర అబద్ధం చెబుతుంటే దాన్ని నమ్మి బండి నడపడం ఏ సైజులోనైనా తప్పే.

నవంబర్ 14

ఎస్88 మాడ్యూల్ ఒకదానికి పదహారు కాంటాక్టులు. పాత వ్యవస్థ కాలంనాటిదే, బండి ఎక్కడుందో చెప్పడానికి పెడతారు. దాన్నే పాయింట్లకి వాడుతున్నాం. బ్లేడు పూర్తిగా చేరితేనే మూసుకునే చిన్న మైక్రోస్విచ్, దాన్నుంచి మాడ్యూల్‌కి ఒక వైరు. లూప్ లైన్ పాయింట్ ఇవాళ అయింది. గడ్డిపొడి మళ్లీ కావాలనే పెట్టి చూశాం, రూటు పడలేదు. పెద్దాయన మరోసారి పెట్టమన్నాడు.

నవంబర్ 20

వీసా గడువు దగ్గరపడింది. స్టేషన్ ఇవతలి కొస పాయింట్లు అయ్యాయి, అవతలి కొస పాయింట్లకి డిటెక్షన్ ఇంకా లేదు. ఆ వైర్లు తను లాగుతానంది మనవరాలు. సోల్డరింగ్ బాగానే పట్టుబడింది దానికి. డయాగ్రం మూడు కాపీలు తీయించాం: ఒకటి బల్ల కింద అంటించాం, ఒకటి పెద్దాయన దగ్గర, ఒకటి దాని దగ్గర. ఏ వైరు మార్చినా మూడిట్లోనూ దిద్ది, తేదీ వేసి సంతకం పెట్టమన్నాను.

"ఒక్క వైరుకి కూడానా తాతయ్యా?"

ఒక్క వైరుకి కూడా.