యంత్రాల నాడి చూసే పేట

కృష్ణానదిని చూడవచ్చిన యాత్రికుడు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలుస్తాడు. కనకదుర్గమ్మ దర్శనానికి వచ్చినవాడు ఇంద్రకీలాద్రి ఎక్కుతాడు. ఈ రెండు పనులూ లేకుండా ఆ నగరానికి వచ్చేవారు కూడా ప్రతిదినం ఎందరో ఉన్నారు. వారు బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద కొంతదూరం సాగి ఆటోనగర్ గేటు వద్ద మలుపు తిరుగుతారు. వారి వెంట వచ్చేది కొబ్బరికాయ కాదు. ఏదో జబ్బుతో మూలుగుతున్న లారీయో, బస్సో, కారో అయి ఉంటుంది.

కలకత్తా, మద్రాసు నగరాలను కలిపే రహదారి, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రహదారి విజయవాడలో కలుసుకుంటాయి. అందువల్ల ఈ ఊరికి లారీల వ్యాపారం అబ్బింది. లారీలతోపాటు వాటిని బాగుచేసే విద్య కూడా అబ్బింది. 1960 దశకంలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఆ విద్యకు నిలయం. ఒక షెడ్డులో కమాను పట్టీలు కొలిమిలో ఎర్రబారుతుంటాయి. ఆ ప్రక్కన లారీ తొట్టికి చెక్కలు బిగిస్తుంటారు. రేడియేటర్లకు మాట్లు వేసేవారొకచోట, లేత్ మీద ఇనుము తరిణ పట్టేవారొకచోట, రంగులు కొట్టేవారొకచోట కనిపిస్తారు. సుత్తిదెబ్బల మధ్య మాట వినిపించాలంటే గొంతు పెంచక తప్పదు.

ఇంత రణగొణధ్వనిలోనూ వెనుకటి మేస్త్రికి చెవే ప్రధాన సాధనం. కార్బొరేటర్ ఉన్న కారు తెల్లవారుజామున మొరాయిస్తే చోక్ లాగి చూసేవాడు. ప్లగ్గులు తుడిచి, పాయింట్ల మధ్య సందు సరిచేసేవాడు. జబ్బు కంటికి కనిపించేది, చెవికి వినిపించేది. తరువాత కాలం మారింది. ఢిల్లీ ప్రాంతంలో అమ్మే కార్లు యూరో ప్రమాణాలకు లోబడి ఉండాలని 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2000 సంవత్సరంలో ఆ యూరో ప్రమాణాల మొదటి మెట్టు ఆంక్షలు దేశమంతటికీ వర్తించాయి. పెట్రోలు కార్లలో కార్బొరేటర్ క్రమంగా తెరమరుగై, ఇంజెక్షన్ పద్ధతి స్థిరపడింది. ఇందులో ట్యాంకులోని విద్యుత్ పంపు పెట్రోలును సుమారు మూడు కేజీల పీడనంతో ముందుకు నెడుతుంది. ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. చోక్ లాగే పని తప్పింది. కాని ఆ కార్లకే ఇరవై ఏండ్లు నిండేసరికి, పాత వ్యాధి కొత్త రూపంలో ఆటోనగర్ గేటు చేరింది. దానిని అందరూ పిలిచే పేరు మాత్రం పాతదే: స్టార్టింగ్ ట్రబుల్.

ఒక వేసవి మధ్యాహ్నం అటువంటి చిన్నకారు ఒకటి ఒక షెడ్డు ముందు ఆగింది. 2004 నాటి బండి. యజమాని నూజివీడు ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన భార్యకు వారానికి మూడుసార్లు విజయవాడలో డయాలిసిస్ జరగాలి. చికిత్స ముగించుకొని ఇంటికి మళ్ళినప్పుడు, దారిలో మందుల దుకాణం వద్ద పావుగంట ఆగితే చాలు, కారు మళ్ళీ కదలదు. నీరసించిన మనిషిని ఎండలో లోపల కూర్చోబెట్టి, ఆయన దారినపోయేవారిని బతిమాలి నెట్టించవలసి వచ్చేది. అప్పటికే కొత్త బ్యాటరీ వేయించాడు, ప్లగ్గులు మార్పించాడు, సెల్ఫ్ మోటారు విప్పించాడు. గుణం కనిపించలేదు. పాత ఇనుముకు అమ్మివేయమని ఇరుగుపొరుగువారు సలహా చెప్పారు. మరొక కారు కొనడానికి ఆయన పింఛను చాలదు.

మేస్త్రి బానెట్ తెరవలేదు. “ఏమేం మార్చారో తరువాత చెబుదురుగాని మాస్టారూ, ఎప్పుడెప్పుడు మొరాయిస్తోందో ముందు అది చెప్పండి,” అన్నాడు.

“పొద్దున రెండు మూడుసార్లు కొడితే అందుకుంటుంది మేస్త్రీ. ఎండలో నడిచి వచ్చి ఆగిందంటే మాత్రం, చల్లబడేదాకా ఎంత కొట్టినా అందుకోదు.”

“సెల్ఫ్ జోరుగానే తిరుగుతోందా? పెట్రోలు వాసనగాని, నల్లపొగగాని వస్తోందా?”

“జోరుగానే తిరుగుతోంది. వాసనా లేదు, పొగా లేదు.”

ఈ మూడు జవాబులతో సగం దారులు మూసుకుపోయాయి. సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీనో, ఎర్తు తీగనో అనుమానించాలి. వాసన, నల్లపొగ ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నదని అర్థం. ఇంజెక్టరు కారుతుండవచ్చు, లేదా ఇంజను వేడిని తెలిపే సెన్సార్ అబద్ధం చెబుతుండవచ్చు. రెండూ లేవు గనుక పెట్రోలు అందడం లేదు, లేక నిప్పురవ్వ పుట్టడం లేదు.

సహాయకుడు స్కానర్ తగిలించాడు. ఏ దోషమూ చూపలేదు. అందులో వింత లేదు. కంప్యూటరుకు తెలిసినదే స్కానర్ చెప్పగలదు. ఆ కారులో పెట్రోలు పీడనాన్ని కొలిచే సెన్సార్ లేదు.

పావుగంట గడిచాక సెల్ఫ్ కొడితే కారు యథాప్రకారం మొండికేసింది. అప్పుడు మేస్త్రి తాళం చెవిని సెల్ఫ్ దాకా తిప్పకుండా, పంపు రెండు క్షణాలు గుయ్యిమని ఆగేవరకు ఉంచి, తిరిగి కట్టివేశాడు. ఇలా నాలుగుసార్లు చేసి అయిదవసారి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను వెంటనే అందుకున్నది. నిప్పురవ్వ లేకపోతే పంపు ఎన్నిసార్లు ఆడినా అందుకునేది కాదు. లోపం పీడనంలోనే ఉన్నది. కారు ఆగిన తరువాత కూడా గొట్టంలో పీడనం నిలవాలి. అది జారిపోతే, నిలిచిన ఇంజను కాకకు గొట్టంలోని పెట్రోలు ఆవిరిబుడగలవుతుంది. ఉదయపు చల్లదనంలో ఆ బాధ తక్కువ.

పీడనం ఎటు జారుతున్నది? అందుకు మూడు దారులున్నాయి: ఇంజెక్టర్ల గుండా ఇంజనులోకి, రెగ్యులేటరు గుండా తిరుగు గొట్టంలోకి, లేదా వచ్చిన దారినే ట్యాంకులోకి. ఇంజను చల్లబడ్డాక, గొట్టంలో మిగిలిన పెట్రోలును జాగ్రత్తగా తీసి, కొలమానం బిగించారు. నిప్పు దరిదాపులకు రాకుండా చూశారు. పంపు ఆడగానే ముల్లు మూడు కేజీలు చూపి, ఆగగానే దిగిపోసాగింది. తిరుగు గొట్టపు రబ్బరు భాగాన్ని పట్టుకారుతో నొక్కినా దిగింది. ఆ మారు పీడనం ఎక్కించి, పెట్రోలు వచ్చే గొట్టాన్ని నొక్కారు. ముల్లు కదలలేదు. అంటే ఇంజెక్టర్లు, రెగ్యులేటరు నిర్దోషులు. దోషం ట్యాంకువైపున ఉన్నది.

ఆ మాట వినగానే మాస్టారి ముఖం వాడిపోయింది. కొత్త పంపు అంటే వేలతో పని. మేస్త్రి వెనుక సీటు ఎత్తించి, పంపును బయటికి తీయించి, వెలుతురులో త్రిప్పి చూశాడు. పంపు నోటికీ పైమూతకూ మధ్య వేలెడంత గొట్టం ముక్క ఉన్నది. ఇరవై ఏండ్లు పెట్రోలులో నానిన ఆ ముక్క సన్నగా చిట్లింది. పంపు ఆడేటప్పుడు ఆ కారుడు తెలియదు. ఆగినప్పుడు పీడనమంతా అక్కడే పోతుంది. పెట్రోలులో మునిగి ఉన్నా చెడని రకం గొట్టం తెప్పించి, రెండు క్లిప్పులతో బిగించారు. మళ్ళీ కొలిస్తే పావుగంట గడిచినా ముల్లు నిలకడగా ఉన్నది.

గొట్టం ఖరీదు, మూడు గంటల కూలి కలిపినా, అంతకుముందు కొన్న బ్యాటరీ వెలలో చిన్న భాగమే అయింది. మార్చిన వస్తువులు చెడ్డవి కావు. వాటి అవసరమే లేదు. ఆటోనగర్‌లో సామాను అమ్మే దుకాణాలకు లోటు లేదు. విప్పకముందు అడిగి, మార్చకముందు కొలిచే మేస్త్రి దొరకడమే ఆ పేటలో అదృష్టం.

షెడ్డు నీడలో బల్లమీద కూర్చున్న ఆమెను మాస్టారు మెల్లగా నడిపించి కారులో కూర్చోబెట్టారు. మేస్త్రి కిటికీ దగ్గరకు వంగి, “ఇంటికి తిన్నగా పోకండి మాస్టారూ. ఆ మందుల దుకాణం దగ్గర పావుగంట ఆగి చూడండి. అందుకోకపోతే అక్కడి నుంచే ఫోను చేయండి, నేనే వస్తాను,” అన్నాడు.

చీకటి పడి షెడ్డు తలుపులు దించేవరకు ఆయన ఫోనును బల్లమీదే ఉంచుకున్నాడు. అది మోగలేదు.