ఎనిమిది తరగతులు – నలుగురు పంతుళ్లు



సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడికి ప్రాసెసర్లతో పనేమిటని మీరు అడుగవచ్చు. పని పడింది.

నా సహధర్మచారిణి చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మల నోట విన్న దంపుళ్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు రూళ్ల పుస్తకాలలో వ్రాసుకొన్నది. ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించాము గాని పుస్తకం వెలువడలేదు. ఆమె వెళ్లిపోయినది. రూళ్ల పుస్తకాలు చెదల పాలయినవి. మిగిలినది ఒక్క సీడీ.

అందులోని అక్షరాలు యూనికోడువి కావు. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన పాత ఫాంటు. ఆ ఫాంటు, ఆనాటి సాఫ్ట్‌వేరు లేకపోతే తెరమీద కనిపించేది పిచ్చిగీతలే. అది కొత్త కంప్యూటరులో నడవదు. కనుక మా అబ్బాయి వర్చువల్‌బాక్సు పెట్టి, అందులో విండోస్ 7 స్థాపించి వెళ్లాడు. యంత్రంలో యంత్రమన్నమాట. 2020 జనవరితో దానికి భద్రతా సవరణలు ఆగిపోయినవి గనుక అంతర్జాలపు తలుపు మూసియుంచాడు. లోపలి వ్యవస్థను ‘గెస్టు’ అంటారట. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి. నా అతిథి వెళ్లిపోవడానికి కూడా తిథి చూడలేదు!

అబ్బాయి దానికి ఒక్క ప్రాసెసరే ఇచ్చాడు. పని మందంగా సాగుతున్నదని నేను ఎనిమిది చేశాను. నా కంప్యూటరులో నిజమైన కోర్లు నాలుగే. ఒక్కొక్కటి రెండుగా కనిపిస్తుంది. నాలుగు దాటగానే ఆ గీత ఎర్రబడినది. జీవితమంతా ఎర్రసిరాతో తప్పులు దిద్దినవాణ్ణి, ఆ ఎరుపును లక్ష్యపెట్టలేదు.

అరగంటకు నీలితెర. రెండవ వరుస ప్రాసెసరొకటి నియమిత కాలంలో గడియారపు సంకేతం అందుకోలేదని దాని సారాంశం. మరల తెరిచాను, మరల పడిపోయినది. జ్ఞాపకశక్తి చిప్పులను రాత్రంతా పరీక్షించాను, దోషం లేదు. కంగారులో నాలుగు అమరికలు ఒకేసారి మార్చి, దేనివల్ల ఏమయినదో తెలియక కూర్చున్నాను.

అప్పుడు పంతులు మేలుకొన్నాడు. సీడీకి రెండు నకళ్లు తీసి దాచాను. నోటుపుస్తకం తీసి, రోజుకు ఒక్క మార్పే చేశాను. ఒక ప్రాసెసరు: దినమంతా క్షేమం. రెండు: క్షేమం. నాలుగు: బయటి యంత్రంలో పెద్ద నకలు పని మొదలుపెట్టేదాకా క్షేమం, తరువాత పతనం. ఎనిమిది: గంట తిరగకుండా పతనం. దోషం పాటలదీ కాదు, చిప్పులదీ కాదు. నా అత్యాశది.

కారణం నాకు బడి భాషలోనే బోధపడినది. ఎనిమిది తరగతులు, నలుగురు పంతుళ్లు. హాజరుపట్టీలో మాత్రం ఎనిమిదిమంది పేర్లున్నవి. అతిథి వ్యవస్థ ఆ పట్టీని నమ్ముతుంది. నిజానికి బయటి యంత్రం ఆ ఎనిమిదిమందినీ వంతులవారీగా నాలుగు కుర్చీలలో కూర్చోబెడుతున్నది. గంట కొట్టినప్పుడు కుర్చీ దొరకనివాడు పలుకడు. కొంతసేపు చూసి, వాడిక లేడని నిశ్చయించి, వ్యవస్థ తనంత తాను ఆగిపోతుంది. ఇంకొక చిక్కు: బీరువా తాళంచెవి ఉన్నవాణ్ణే కుర్చీలోనుండి లేపితే, మిగిలినవారు బీరువా ముందు ఊరక తిరుగుతూ కాలం గడుపుతారు. ప్రాసెసర్లు పెరిగినకొద్దీ పని మందగించడానికి ఇదొక హేతువు. లినక్సు అతిథులలో ఇదే వ్యాధి ‘సాఫ్ట్ లాకప్’ అనే హెచ్చరికగా కనిపిస్తుంది.

నిజమైన కోర్లకు మించి ఇవ్వరాదని, రెండుగా కనిపించేవాటిని లెక్కించరాదని సహాయపత్రంలో స్పష్టంగానే ఉన్నది. నేనది చివర చదివాను. బయటి యంత్రానికీ కొన్ని కోర్లు మిగల్చాలని అనుభవం చెప్పినది. ఇప్పుడు రెండే ఇచ్చాను. పాటలు ఒక్కొక్కటే యూనికోడులోకి వస్తున్నవి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. ఒక అప్పగింతల పాటలో ఆమె ‘సిలక’ అని వ్రాసినది. నేను ‘చిలుక’ అని దిద్దాను. భద్రపరిచే లోపల యంత్రం పడిపోయినది. మరల దిద్దాను, మరల పోయినది. మూడవసారి తెరిచినప్పుడు ఆ పాటను పైకి చదువుకొన్నాను. ఆ ముసలమ్మ నోటిమాట ఆమె సరిగానే విన్నది. యంత్రం బాగుపడిన తరువాత కూడా నేనిక దానిని దిద్దలేదు.

స్వస్తి.