చెన్నపురి రిప్పన్ భవనము

చెన్నపురి సెంట్రల్ స్టేషనున రైలు దిగి వెలికి వచ్చువారికి చేరువనే రెండు గొప్ప కట్టడములు కానవచ్చును. ఎర్రనిది విక్టోరియా మందిరము. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు విజయనగర మహారాజగు ఆనందగజపతిగారు. దాని ప్రక్కనున్న తెల్లనిదే రిప్పన్ భవనము. నగరపాలక సంస్థ కొలువుదీరు చోటు అదియే.

ఈ సంస్థ మిక్కిలి ప్రాచీనము. 1688లో నేర్పడినది. నాటి సభ్యులలో చిన్న వేంకటాద్రి యను పేరు కలదు. ఆ పేరు వినగానే మన యూరివా రెవరినో పిలిచినట్లు తోచును. ఈ భవనమునకు ముందు కచేరి ఎర్రబాలుసెట్టి వీథిలో నుండెడిది. 1909లో మింటో ప్రభువు పునాదిరాయి వేయగా, 1913లో హార్డింజి ప్రభువు తలుపులు తెరచెను. హారిస్ అనునతడు రూపము గీసెను. లోకనాథ మొదలియారు కట్టెను. ఏడున్నర లక్షల రూపాయలు వ్యయమైనవి. 1882లో స్థానిక స్వపరిపాలనకు దారి చూపిన రిప్పన్ ప్రభువు పేరు దీనికి పెట్టిరి.

పొడవు 85 మీటర్లు, వెడల్పు 32 మీటర్లు. నడుమ గడియారపు గోపురము 43 మీటర్లు. ఇటుకలు, సున్నము, టేకు దూలములు — ఇవియే సామగ్రి. దీనిని హిందూ సారసెనిక్ శిల్పమని కొందరు వ్రాయుదురు గాని, ఆ స్తంభములు, కమానులు మాకు పడమటి దేశపువిగనే కనబడినవి.

క్రింది యంతస్తున మొదట పరచినవి కడపరాళ్లు. మన వంటిండ్ల గట్లపై నుండు నా రాళ్లే! మేము లోన కాలిడగానే నేలవంకనే చూచితిమి. నేడున్నది చలువరాయి. చూపునకు బాగుగనే యున్నది; అయినను ఇన్ని పాదముల నోర్చిన రాతిని పెకలించుట మా కంతగా రుచింపలేదు.

ఆవరణలో పిట్టి త్యాగరాయ చెట్టిగారి విగ్రహమున్నది. అచట మేము చాలసేపు నిలిచితిమి. 1920లో వారు అధ్యక్షులుగా నుండగా, థౌజండ్ లైట్స్ పేటలోని నగరపాలక పాఠశాల పిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టుటకు సభ యంగీకరించినది. ఒక్కొక్క బిడ్డకు దినమునకు అణా మించరాదని నియమము. ఆకలిగొన్న బిడ్డ పాఠమెట్లు వినునో బడిపంతులు ఇల్లాలికి వేరుగ చెప్పవలెనా? ఏడున్నర లక్షల మేడకంటె ఆ యణాయే మాకు ఘనముగ తోచినది. ప్రభుత్వ మా ఖర్చునకు సమ్మతింపనందున 1925లో అది యాగిపోయినది. అణా యొకటి యెక్కువయ్యెను కాబోలు!

ఇక సోదరీమణులు తప్పక అడుగు ప్రశ్న యొకటి: ఈ సభలో మనవా రెన్నడు పెద్దపీట నెక్కిరి? మేయరు పదవి 1933లో మరల వచ్చినది. తొలి మహిళా మేయరు తారా చెరియన్‌గారు 1956-57లో నుండిరి. పిమ్మట 1971లో కామాక్షి జయరామన్‌గారు. అటుపైన అర్ధశతాబ్ది గడచినది. 2022 ఎన్నికలలో సగము వార్డులు స్త్రీలకే కేటాయింపగా, ఆ యేట ప్రియగారు మూడవ మహిళా మేయరుగ ఆ పీఠమున గూర్చుండిరి.