డీజిలు కారులో పిట్స్‌బర్గు యాత్ర

మొన్న ఉగాది భోజనాల దగ్గర కుర్రవాళ్ళిద్దరు డీజిలు కారు మంచిదా, గాసొలిన్ కారు మంచిదా అని వాదించుకుంటూ మధ్యలో మమ్మల్ని సాక్ష్యానికి పిలిచారు. "మీరు డీజిలు కారు నడిపారట గదా!" అన్నారు. నడిపాము. 1981 నుంచి 1986 దాకా అయిదేళ్ళు నడిపాము. అక్కడ మేము నాలుగు ముక్కలు చెప్పేసరికి బొబ్బట్ల పళ్ళెం ఖాళీ అయింది. మిగతాది పత్రికకు వ్రాసి ఇమ్మని సంపాదకులు పట్టుబట్టారు. కార్ల శాస్త్రం మాకంత తెలియదు కనుక ఒక్క ప్రయాణం గురించే వ్రాస్తున్నాము.

ముందు ఆ కారు మా ఇంటికెందుకు వచ్చిందో చెప్పాలి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపినప్పుడు మేము ఈ దేశానికి కొత్త. 1979లో ఇరాన్ విప్లవంతో మళ్ళీ అదే కథ. కాలిఫోర్నియా, న్యూయార్కు వంటి రాష్ట్రాలలో నెంబరు ప్లేటు సరి అంకె వారికి ఒకరోజు, బేసి అంకె వారికి ఒకరోజు గాసొలిన్ పోశారు. రేషను కార్డు లేని దేశమని వస్తే ఇక్కడా క్యూలేనా అని నవ్వుకున్నాము. అప్పట్లో డీజిలు కార్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1981లో ఈ దేశంలో అమ్ముడైన కార్లలో నూటికి ఆరు డీజిలువే. ఆ ఆరింటిలో మాదీ ఒకటి.

లెక్క వేసుకునే కొన్నాము సుమా! మా పాత గాసొలిన్ కారు గాలనుకు 15 మైళ్ళు ఇచ్చేది. కొత్త డీజిలు 25 ఇస్తుందన్నారు, ఇచ్చింది కూడా. ఏడాదికి 15,000 మైళ్ళు తిరిగితే 400 గాలన్లు మిగులు. అంటే దరిదాపు 500 డాలర్లు. డాలరు ఎనిమిది రూపాయల చిల్లర పలికే రోజులవి. నాలుగువేల రూపాయలంటే ఊళ్ళో ఒకరి చదువు. అప్పట్లో మనలో ఎవరం ఏం కొన్నా మనసులో ఎనిమిదితో గుణించుకునే కొనేవాళ్ళం గదా.

కారు ఏ కంపెనీదో చెప్పము. ఓల్డ్స్‌మొబైల్ వారు 1978 నుంచి 1985 దాకా అమ్మిన పెద్ద డీజిలు ఇంజను హెడ్డు బోల్టులు విరిగి చెడ్డపేరు తెచ్చుకున్న సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది. మాది అది కాదు. మా కథలో తప్పు కారుది కాదు, మాది.

1984 శరదృతువులో మా ఇంటికి పెద్దావిడ వచ్చారు. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు. చిత్తూరు జిల్లాలో మెట్ట ఊరు ఆవిడది. మొదటి రోజే మేము "గ్యాస్ కొట్టించుకుని ఇంటికి పోదాం" అని ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే విని, "ఇంత పొద్దుపోయాక సిలిండరు ఎవురిస్తారు నాయనా?" అన్నారు. కారులో పోసే పెట్రోలునే ఇక్కడ గ్యాస్ అంటారనీ, మన కారుకు అది కూడా పొయ్యరనీ, డీజిలు పోస్తారనీ వివరించేసరికి ఇల్లు వచ్చింది. మర్నాడు పొద్దున ఇంజను స్టార్టు చేయగానే కిటికీలోంచి చూసి, "ఇదేం కారు నాయనా, మన బావికాడి ఆయిలింజను మాదిరిగా ఉందే!" అన్నారు.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గాసొలిన్ ఇంజనులో గాలీ ఇంధనమూ కలిపి నొక్కి, ప్లగ్గుతో నిప్పురవ్వ వేసి అంటిస్తారు. డీజిలులో నిప్పురవ్వ లేదు. గాలిని ఇరవయ్యో వంతుకు పైగా నలిపితే దానికదే కాగిపోతుంది. ఆ వేడి గాలిలోకి నూనె చిమ్మితే దానంతటది భగ్గుమంటుంది. టకటక చప్పుడు అందుకే. ప్లగ్గులు, పాయింట్లు మార్చే పని ఉండదు గాని, ఇంజను చల్లగా ఉంటే గాలి చాలినంత కాగదు. కనుక తాళం తిప్పి, లోపల గ్లో ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగాలి. చికాగో చలిలో అదీ చాలదు. రాత్రిళ్ళు గరాజు గోడకు తీగ గుచ్చి ఇంజనును వెచ్చగా ఉంచాలి. ఆ నారింజరంగు తీగ చూసి పక్కింటాయన "కరెంటు కారా?" అని అడిగాడు. మాలో ఒకరు ఆసుపత్రి డాక్టరు. అర్ధరాత్రి పిలుపు వస్తే ఈ తతంగానికి వ్యవధి ఉండదని రెండో కారు గాసొలిన్‌దే ఉంచుకున్నాము. ఆసుపత్రి మా ఇంటికి నాలుగు మైళ్ళు. డీజిలు ఇంజను వేడెక్కేలోగా నాలుగు మైళ్ళూ అయిపోతాయి.

సంక్రాంతి వెళ్ళిన తరువాతి శనివారం, 1985 జనవరి 19న, తెల్లవారుజామున అయిదింటికి పిట్స్‌బర్గు బయలుదేరాము. మేమిద్దరం, ఆరేళ్ళ మా అబ్బాయి, పెద్దావిడ. పట్టుచీర, దాని మీద రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు ఆవిడ వేషం. సుమారు 470 మైళ్ళు. గేరీ ఉక్కు కర్మాగారాల పొగ దాటి ఇండియానా టోల్ రోడ్డు 157 మైళ్ళు, తరువాత ఒహాయో టర్న్‌పైకు 241 మైళ్ళు, ఆపైన పెన్సిల్వేనియా కొండలు. గంటకు 55 మైళ్ళు మించరాదని 1974లో వచ్చిన చట్టం ఇంకా అమలులో ఉంది. ఆ వేగానికి డీజిలు కారు బహు సుఖం. ఎక్కుడు దారిలో లారీల సరసన చేరేటప్పుడు మాత్రం నిండుచూలాలిలాగా కదిలేది. వెనకవాళ్ళు హారన్లు మోగించేవారు.

డీజిలు కారు వాళ్ళకు ఈ దేశం వెనక వాకిలి తెలుస్తుంది. గాసొలిన్ వాళ్ళు దీపాల వెలుగులో ముందువైపు ఆగుతారు. మేము వెనక్కి, పద్ధెనిమిది చక్రాల లారీల మధ్యకు వెళ్ళాలి. అక్కడి గొట్టం జిడ్డు చేతికంటితే రెండు రోజులు పోదు. అందుకని కారులో ఎప్పుడూ ఒక జత పాత చేతితొడుగులు ఉంచేవాళ్ళం. లారీ డ్రైవర్లు మా కారును చూసి నవ్వేవారు, పలకరించేవారు. ఏ దారిలో మంచు పడుతున్నదో రేడియో కంటె ముందు వారే చెప్పేవారు. ఇన్నేళ్ళలో ఈ దేశంలో ముక్కూమొగం తెలియని వారితో అంత తీరిగ్గా మాట్లాడింది ఆ పంపుల దగ్గరే.

మన్రోవిల్ దగ్గర టర్న్‌పైకు దిగి, కొండమీద తెల్లటి గోపురం కనిపించగానే పెద్దావిడ కారులోనే చేతులు జోడించారు. 1976లో కుంభాభిషేకం జరిగిన శ్రీ వెంకటేశ్వరాలయం. తిరుపతికి బస్సు దూరంలో పుట్టి పెరిగిన మనిషి, మంచు కప్పిన కొండమీద స్వామిని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ చలికి స్వామికి శాలువా కప్పుతారా?" అని అర్చకస్వామిని అడిగారు. ఆ రాత్రి అక్కడి మిత్రుల ఇంట్లో ఉండి, ఆదివారం పదకొండింటికి పులిహోర, లడ్డు ప్రసాదాలు కట్టించుకుని తిరుగు ప్రయాణమయ్యాము.

ఇక్కడ చేశాము తప్పు. టర్న్‌పైకు మీద కంటె గాలనుకు పది సెంట్లు తక్కువని దారిపక్క ఒక చిన్న బంకులో ట్యాంకు నింపాము. పన్నెండు గాలన్లు. మిగిలింది డాలరూ ఇరవై సెంట్లు. అటువంటి చోట డీజిలు అమ్ముడు తక్కువ. చలికాలం కోసం కలిపిన సరుకు కాక ఎప్పటిదో ఉండి ఉంటుందన్న ఆలోచన మాకు రాలేదు.

ఆనాడు చికాగోలో సున్నాకు దిగువన 27 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆ ఊరి చరిత్రలోనే అంత చలి ఎన్నడూ నమోదు కాలేదు. ఆ చలిగాలి మాకు ఎదురు వస్తోంది. టొలీడో దాటాక పశ్చిమ ఒహాయో అంతా పీటలాంటి నేల. ఒకప్పుడు పెద్ద చిత్తడి అడవి, పందొమ్మిదో శతాబ్దంలో కాలువలు తవ్వి నీరు తోడి పొలాలు చేశారు. గాలికి అడ్డం వచ్చే గుట్ట లేదు, చెట్టు లేదు. ఆ సాయంత్రం సూపర్ బౌల్ ఆట. రోడ్డు మీద పురుగు లేదు. యాభై అయిదు మీద పోతున్న కారు నలభైకి దిగింది. పెడలు అదిమినా ముప్ఫై. ఆ తరువాత రెండు దగ్గులు దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది. ఇంజను ఆగితే హీటరూ ఆగినట్టే.

పది నిమిషాలలో అద్దాలకు లోపలివైపు మంచు పట్టింది. ఉన్న దుప్పట్లు రెండు. పిల్లవాణ్ణి పెద్దావిడ ఒళ్ళో పెట్టి రెండూ వారికే చుట్టాము. మేము ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి నోళ్ళు బిగుసుకుపోయాయి. పెద్దావిడే అడిగారు, "నూనె అయిపోయిందా?" అని. నూనె ఉంది, పేరుకుపోయింది అన్నాము. డీజిలులో మైనం వంటి పదార్థం ఉంటుంది. చలి ముదిరితే అది గడ్డకట్టి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. గాసొలిన్‌కు ఈ పీడ లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "కొబ్బరినూనె మాదిరా? అయితే చెడిపోలా. వెచ్చన చేస్తే కరుగుతాది" అన్నారు. ఆ మాట మాకెంత ధైర్యమిచ్చిందో ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది.

అరగంటకు ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, మా కారు వెనక డీజిలు అన్న అక్షరాలు చదివి, ఇంకేమీ అడగలేదు. ముందు పిల్లవాణ్ణి ఎత్తి లోపల పెట్టాడు. పట్టుచీరతో మూడు మెట్లెక్కి పెద్దావిడ లారీలో కూర్చున్న దృశ్యం ఫోటో తీయలేదని ఇప్పటికీ మాకు విచారమే. అతను సీబీ రేడియోలో కారును లాగే బండికి కబురు పెట్టి, మమ్మల్ని లారీలు ఆగే చోటికి చేర్చాడు. అక్కడ నలభై, యాభై లారీలు రాత్రంతా ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. ఎందుకని అడిగితే, ఆపితే పొద్దున మీ కారు గతే అన్నాడు. డబ్బు తీసుకోలేదు. పెద్దావిడ పులిహోర పొట్లం చేతిలో పెడితే అక్కడే నిలబడి తిని, నిమ్మకాయ బాగుందన్నాడు. అది చింతపండని మేము సరిదిద్దలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా కారు ఒక వెచ్చని షెడ్డులో ఉంది. మెకానిక్కు ఫిల్టరు మార్చి, ట్యాంకులో ఒకటో నెంబరు డీజిలు కలిపాడు. అది దాదాపు కిరసనాయిలే. మిగతా పని వేడే చేసింది, ఆవిడ చెప్పినట్టే. షెడ్డులోని టీవీలో రేగన్‌గారి రెండో ప్రమాణస్వీకారం చూపిస్తున్నారు. చలికి ఊరేగింపు రద్దు చేసి, ప్రమాణం క్యాపిటల్ భవనం లోపలే జరిపించారు. లాగుడు బండి, ఫిల్టరు, మోటలు గది అన్నీ కలిసి 180 డాలర్లు. డాలరూ ఇరవై సెంట్ల ఆదాకు.

1986లో గాసొలిన్ ధర గాలను డాలరు లోపుకు దిగింది. మా లెక్క తలకిందులైంది. ఆ వేసవిలోనే కారు అమ్మేశాము. ఆ తరువాత సంగతులు మీకూ తెలుసు. 2006 నుంచి గంధకం బాగా తగ్గించిన డీజిలు వచ్చి కంపు తగ్గింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధనా సంస్థ డీజిలు పొగను క్యాన్సర్ కారకాల పట్టికలో చేర్చింది. 2015లో ఫోక్స్‌వాగన్ వారి కార్లు పరీక్షను పసిగట్టి అప్పటికి మాత్రమే పొగ తగ్గించుకుంటున్నాయని బయటపడింది. మన దేశంలో సంగతి వేరు. లారీలకూ రైతులకూ అని ప్రభుత్వం చౌకగా ఉంచిన డీజిలును 2014 దాకా కార్ల వాళ్ళూ అనుభవించారు. అక్కడ గడ్డకట్టే భయం లేదు మరి. తిరుపతిలో ఉండే వారికైతే మేము డీజిలును కాదనే వాళ్ళం కాము. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులలోకి పోతుందని తెలియక ముందు మాట అది.

ఉగాదినాటి కుర్రవాళ్ళకు మేము చెప్పిందిది. ఏడాదికి పాతికవేల మైళ్ళు హైవే మీద తిరిగేవాడివైతే, ట్రైలరు లాగేవాడివైతే డీజిలు ఆలోచించు. నాలుగు మైళ్ళ ఆసుపత్రికి పోయేవాడివైతే వద్దు. ధర పలక చూసి మాత్రం కొనవద్దు.

అన్నట్టు, ఆనాటి ఆరేళ్ళవాడు ఇప్పుడు కరెంటు కారు నడుపుతున్నాడు. 2024 జనవరిలో చికాగో చలికి కరెంటు కార్లు చార్జింగు స్థలాల దగ్గర బారులు తీరి నిలిచిపోయినప్పుడు ఫోను చేశాము. "నాన్నమ్మ ఉంటే కొబ్బరినూనె అనేది" అని నవ్వాడు. మా ఇంటికి వస్తే వాడు ఆ పాత గోడకే తీగ గుచ్చుతాడు. కారు వెనక తెరిచి చూశాము. దుప్పట్లు నాలుగు ఉన్నాయి.