రాయబారి

తెలుగు బోధించేవారు విజ్ఞానశాస్త్ర విషయమై కలం పట్టడం సాహసమే. అయినా మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయించినది ఒక విద్యార్థిని ప్రశ్న. బయోటెక్నాలజీ చదివే ఆ అమ్మాయి ఒకనాడు, "సార్, ఎంఆర్ఎన్ఏను తెలుగులో ఏమనాలి?" అని అడిగింది. "రాయబారి" అన్నాము. ఆ రాయబారి చేసే పనిని మాత్రం ఆమెయే మాకు బోధించింది.

జీవకణంలో జన్యువు పంపే సందేశాన్ని మోసుకుపోయి, ఏ ప్రోటీను తయారుకావాలో తెలిపి, పిమ్మట తాను నశించేది ఈ అణువు. దీనిని కణం వెలుపల కూడా చేయవచ్చు. డీఎన్ఏ మాతృకకు నాలుగు రకాల న్యూక్లియోటైడ్లను, టీ7 ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమును చేర్చి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచితే రాయబారి పుడతాడు. కష్టమంతా శుద్ధి చేయడంలో ఉన్నది. మాతృక, ఎంజైము, జంటపోగుల ఆర్ఎన్ఏ మిగిలిపోతే శరీరం తిరగబడుతుంది.

ఈ పనులన్నిటినీ అరచేతిలో ఇమిడే పలకపై జరిపించేదే సూక్ష్మద్రవ పరికరం. అందులోని కాలువలు వెంట్రుకవలె సన్ననివి. కంప్యూటరు ఆజ్ఞానుసారం చిన్న కవాటాలు తెరుచుకొని మూసుకొని చుక్కలను నడిపిస్తాయి. రాయబారి తోకను పట్టుకొనే అయస్కాంత పూసలు అతనిని నిలిపివేయగా, మలినాలలో చాలా భాగం కడుక్కుపోతుంది. మరొక కాలువలో కొవ్వుకణాల తొడుగు పడుతుంది.

ఇదంతా వింటుండగా మాకు అమ్మీ గుర్తుకు వచ్చింది. 2021 మే నెలలో టీకా కోసం రెండు పర్యాయాలు వెళ్ళి, నిండుకున్నదని విని తిరిగివచ్చింది. మూడవసారి వెళ్ళే అవసరం ఆమెకు లేకపోయింది. నాడు ఇక్కడ వేసినవి ఈ జాతి టీకాలు కావు. ఈ పలక ఉంటే ఆమె బ్రతికేదని మేము అనలేము. కాని ఎక్కడో తయారయ్యే మందు కోసం గుమ్మంలో కూర్చొని ఎదురుచూడడం ఎటువంటిదో మాకు తెలుసు.

2022లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఈ టీకా పద్ధతిని స్వదేశంలోనే రూపొందించినట్లు ప్రకటించారు. 2025లో అమెరికాలో అరుదైన జన్యువ్యాధి గల ఒక పసివానికి, అతని ఒక్కనికే తగిన చికిత్సను సుమారు ఆరు నెలలలో సిద్ధం చేశారు. అందులోనూ రాయబారి ఉన్నాడు. ఒక్కరికి కావలసిన మందుకు పెద్ద కర్మాగారమేల? చిన్న యంత్రం అవసరం అక్కడే.

అయితే యంత్రం చిన్నదైనంత మాత్రాన బాధ్యత చిన్నది కాదు. శుద్ధమైన ఎంజైములు కావాలి, శీతల నిల్వ కావాలి, ప్రతి మోతాదుకు పరీక్ష కావాలి. అన్నింటికంటె శిక్షణ పొందిన చేతులు కావాలి.

ఆ చేతులలో ఒక జత మన కళాశాల నుండి పోవాలని మా కోరిక. ఆ అమ్మాయి తండ్రి, డిగ్రీ చాలునంటున్నాడు. ప్రవేశ రుసుమే ఆయన భయం. పాలకవర్గం పెద్దలు దీనిని మనవిగా స్వీకరింతురు గాక. ఆమెకు మేము ఇవ్వగలిగినది ఒక్క మాటయే. మిగిలినది మీ చేతులలో ఉన్నది.