బొనైర్ దీవిలో అద్దెబండి

పిల్లలూ! తీర్థానికో పెళ్ళికో వెళ్ళటానికి మీ నాన్నగారు అద్దెబండి మాట్లాడటం మీరు చూసే ఉంటారు. "ఎంత అడుగుతావు? ఎంతమంది పడతారు?" ఈ రెండు ప్రశ్నలతో బేరం తేలిపోతుంది. నేనూ జీవితమంతా అలాగే బేరమాడాను. ఎన్నో ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన నాకు, ఆ రెండు ప్రశ్నలూ చాలవని అరవై దాటిన తరువాత ఒక చిన్న దీవిలో తెలిసివచ్చింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

ఆ దీవి పేరు బొనైర్. పటంలో దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరాన వెనిజులా దేశం ఉన్నది చూశారా? దానికి సుమారు 50 మైళ్ళ దూరాన, కరిబియన్ సముద్రంలో ఈ దీవి చిన్న చుక్కలాగా కనిపిస్తుంది. వైశాల్యం 288 చదరపు కిలోమీటర్లు. ముఖ్యపట్టణం క్రాలెండైక్. 2010 నుంచి ఇది నెదర్లండ్సు దేశంలో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ. అక్కడివారు తమలో తాము మాట్లాడుకునే భాష పాపియమెంటు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవడు సెలవులకు అక్కడికి వెళుతూ నన్నూ తీసుకువెళ్ళారు. అబ్బాయికీ కోడలికీ గాలి సిలిండర్లు వీపున కట్టుకుని సముద్రంలో మునగటం వచ్చును. మనవడు మునగడు, నోట ఒక గొట్టం పెట్టుకుని, కళ్ళకు అద్దం తొడుక్కుని, నీటిమీదనే తేలుతూ అడుగున ఉన్న వింతలు చూస్తాడు. ఆ గొట్టాన్ని స్నార్కెల్ అంటారు.

ఇందుకు బొనైర్ దీవే ఎందుకు? అక్కడ గాలి ఏడాదిలో చాలా భాగం తూర్పునుంచి వీస్తుంది. అందుచేత తూర్పు తీరాన అలలు ఎగసిపడుతుంటే, పడమటి తీరం మన ఊరి చెరువులాగా నెమ్మదిగా ఉంటుంది. పైగా ఒడ్డునుంచి కొద్ది గజాలు ఈదితే చాలు, పగడపు దిబ్బలు వచ్చేస్తాయి. చాలా చోట్ల పడవ ఎక్కి దూరం వెళితేగాని అవి కనబడవు. ఇక్కడ బండి దిగి నీళ్ళలోకి నడవటమే! ఎక్కడ దిగాలో తెలియటానికి రోడ్డు పక్కన పసుపురంగు వేసిన రాళ్ళు పెట్టి, వాటిమీద ఆ చోటు పేరు రాశారు. పడవ చేయవలసిన పని ఇక్కడ బండి చేస్తుందన్నమాట.

ఈ సంగతి అద్దెబండ్ల దొడ్డిలో నాకు తోచలేదు. అక్కడ దుమ్ముకొట్టుకున్న పికప్ ట్రక్కులు వరుసగా ఉన్నాయి. వాటికి ముందు రెండు వరుసల సీట్లు, వెనక పైకప్పులేని తొట్టి, తొట్టిలో సిలిండర్లు నిలబెట్టే చెక్క చట్రం. వాటి పక్కన తళతళలాడే చిన్న తెల్లకారు ఒకటి ఉన్నది. అద్దె తక్కువ.

"నలుగురమే గదా, ఇది చాలు. డబ్బు ఆదా," అన్నాను. పెద్దవాణ్ణి గనుక అబ్బాయి ఎదురు చెప్పలేదు.

మరునాడు రెండు మునకలకు నాలుగు సిలిండర్లు తెచ్చాము. ఒక్కొక్కటి పదిహేను కిలోలకు పైగా బరువు. లోపల గాలిని మామూలు గాలికన్నా సుమారు 200 రెట్లు ఒత్తిడితో కూరుతారు. వెనక పెట్టెలో మూడే పట్టాయి. నాలుగోదాన్ని వెనక సీటుమీద, మనవడి పక్కన పడుకోబెట్టాము.

కొంతదూరం వెళ్ళామో లేదో, పొదల చాటునుంచి ఒక గాడిద రోడ్డుమీదికి వచ్చింది. ఆ దీవిలో గాడిదలు యజమాని లేకుండా తిరుగుతాయి. పూర్వం ఉప్పు మోయటానికి తెచ్చిన గాడిదల సంతతే అవి. అబ్బాయి గబుక్కున బ్రేకు వేశాడు. సీటుమీది సిలిండరు దొర్లి, ధనాలున కింద పడింది. మనవడి పాదానికీ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ కూడా లేదు!

"తాతయ్యా, నాకేమీ కాలేదు," అన్నాడు వాడు. కాని నా గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉన్నది. ఆదా చేసిన ఆ నాలుగు డబ్బులూ దేనితో తూచగలను? తప్పు కారుది కాదు, గాడిదది అసలే కాదు. నాది.

ఆ సాయంత్రమే వెళ్ళి ట్రక్కు తీసుకున్నాము. ఈసారి నేను ధర అడగలేదు, పని అడిగాను. బరువు ఎక్కడ నిలుస్తుంది? సిలిండర్లను తొట్టి చట్రంలో నిలిపి కట్టాము. దారి ఎలాంటిది? పసుపురాళ్ళ దగ్గర నేల అంతా గరుకైన సున్నపురాయి. కారు అడుగుభాగం గీసుకుపోతుంది. 1969లో ఏర్పడిన వాషింగ్టన్ స్లాగ్‌బాయ్ ఉద్యానవనం చూడాలంటే నేలకు ఎత్తుగా ఉన్న బండే కావాలి. తోలేవారెవరు? ఆ ట్రక్కుకు చేతితో మార్చే గేర్లు. అమెరికా బండ్లకు అలవాటుపడిన మా అబ్బాయి తెల్లమొహం వేశాడు. కోడలు నవ్వి, "మామయ్యగారూ, నేను విజయవాడలో గేర్ల కారుమీదే నేర్చుకున్నాను," అని తాళం అందుకుంది.

ఆ తాళం సంగతి కూడా చెప్పాలి. అందరూ నీళ్ళలో ఉంటే తాళంచెవి ఎక్కడ దాస్తారు? కొత్తరకం చెవుల్లో విద్యుత్ పరికరం ఉంటుంది. ఉప్పునీరు తగిలితే అది చెడిపోతుంది. సాదా లోహపు చెవి అయితే దారానికి కట్టి వెంట తీసుకుపోవచ్చును. బండిలో మాత్రం విలువైన వస్తువేదీ ఉంచకూడదు. అక్కడ చాలామంది తలుపులకు తాళం కూడా వేయరు. దొంగ వచ్చినా అద్దం పగలగొట్టే పని ఉండదు గదా! బయలుదేరేముందు బ్రేకులు, దీపాలు, టైర్లు, అదనపు టైరు, జాకీ చూసుకున్నాము. పాత గీతలన్నిటికీ ఫొటోలు తీశాము.

ఇక మిగిలిన రోజులన్నీ పండుగే. 'వెయ్యి మెట్లు' అనే చోట మనవడు లెక్కపెట్టి, "తాతయ్యా, డెబ్బై కూడా లేవు!" అన్నాడు. వీపున సిలిండరుతో ఎక్కేవారికి వెయ్యిలా ఉంటాయని ఆ పేరు పెట్టారట. 1979 నుంచి ఆ దీవి చుట్టూ ఉన్న సముద్రానికి రక్షణ ఉన్నది. పగడాన్ని ముట్టుకోరాదు, పెంకు అయినా తీసుకుపోరాదు.

చివరిరోజు ఎవరూ మునగలేదు. కారణం ఏమంటే, నీటి లోతున ఒత్తిడివల్ల గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. వెంటనే విమానమెక్కితే, మూత తీసిన సోడాలో లాగా అది బుడగలు కట్టి ప్రాణాపాయం తేవచ్చును. ఎన్నో మునకలు వేసినవారు కనీసం 18 గంటలు ఆగాలి.

ఆ రోజు ట్రక్కులో దీవి దక్షిణపు కొసకు వెళ్ళాము. గులాబిరంగు ఉప్పుమడులు, తెల్లని ఉప్పుకొండలు, వాటి పక్కనే సముద్రపు ఒడ్డున చిన్న రాతిగుడిసెలు కనిపించాయి. 1850 ప్రాంతంలో ఉప్పుపని చేసే బానిసలకోసం కట్టినవి అవి. నావంటివాడు లోపలికి వెళ్ళాలంటే పాకాలి. వారి కుటుంబాలు ఉత్తరాన రింకాన్ అనే ఊళ్ళో ఉండేవి. వారం చివర వాళ్ళు ఇంటికి గంటల తరబడి నడిచి, మళ్ళీ పనికి అంతదూరమూ నడిచి వచ్చేవారు. 1863లో అక్కడ బానిసత్వం రద్దయింది.

"వాళ్ళకు బండి ఎవరూ ఇవ్వలేదా, తాతయ్యా?" అని అడిగాడు మనవడు.

"ఉప్పు మోయటానికి గాడిదలు ఉండేవిరా. మనుషులను మోయటానికి ఏమీ లేదు," అన్నాను. మేము ఎక్కివచ్చిన దుమ్ముట్రక్కు అప్పుడు నాకు రథంలాగా కనిపించింది.

పిల్లలూ, ఈసారి మీ ఇంట్లో అద్దెబండి మాట్లాడేటప్పుడు మీరూ పక్కన నిలబడండి. "బరువు ఎక్కడ పెడతాము? దారి ఎలాంటిది? తోలేవారికి ఈ బండి అలవాటేనా? గబుక్కున బ్రేకు వేస్తే ఏది దొర్లుతుంది?" అని అడగండి. పెద్దలు విసుక్కున్నా ఫరవాలేదు. నన్ను ఆనాడు ఎవరైనా ఆ చివరి ప్రశ్న అడిగి ఉంటే ఎంత బాగుండేది!