గాలి తగలని చోటు

ప్రియమైన మీకు,

పిల్లలకు సెలవులిచ్చేశారు, మామిడిపళ్లు దిగాయి, మీకు కాస్త తీరిక చిక్కినట్టే ఉంది. ఈసారి ఉత్తరాల కట్ట లావుగానే వచ్చింది. అందులో ఒక సంగతి పదేపదే కనిపించింది. ఊరి చివర ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేశారనీ, లోపల ఆకుపచ్చ మ్యాట్లు పరిచి గంటకింతని షటిల్ కోర్టులు అద్దెకిస్తున్నారనీ, తెల్లవారకముందే బయట బళ్లు బారులు తీరుతున్నాయనీ రాశారు. మా పేటలోనూ అదే వరస. పొద్దున నడకకు వెళ్తుంటే లోపలినుంచి టపటపమని కాక్ చప్పుడు, "లైన్ మీద పడింది", "కాదు, బయటే" అంటూ పెద్దమనుషుల కీచులాట. బ్యాంకు మేనేజర్లు కూడా ఆ విషయంలో చిన్నపిల్లలే.

ఆ షెడ్డు చూసినప్పుడల్లా నాకొకటే తోస్తుంది. మన దేశంలో బ్యాడ్మింటన్ ఎలా ఎదిగిందో తెలియాలంటే పతకాల పట్టిక చూడక్కర్లేదు, నెత్తిన కప్పు ఎవరికి దొరికింది, ఎవరిచ్చారు అని చూస్తే చాలు.

కాక్ బరువు మీకు తెలిసిందే, ఇంచుమించు 5 గ్రాములు. 16 ఈకలు, ఓ బెండు ముక్క. సీలింగ్ ఫ్యాన్ వేస్తే చాలు, గీత లోపల పడాల్సింది బయటికి పోతుంది. కబడ్డీకి గీత గీసుకుంటే సరిపోతుంది, క్రికెట్‌కు కోతలైన పొలం చాలు. దీనికి మాత్రం ఎత్తయిన హాలు కావాలి, గాలి తగలకూడదు. 19వ శతాబ్దంలో పుణెలో బ్రిటిష్ సైనికాధికారులు ఈ ఆటకు నియమాలు రాసుకున్నా, మామూలు జనానికి అది ఎన్నో ఏళ్లు అందకపోవడానికి కారణం అదే. హాళ్లు క్లబ్బులవి, క్లబ్బులు దొరలవి.

"మేమూ చిన్నప్పుడు బ్యాట్ పట్టినవాళ్లమే" అంటారు మీరు. కాదనను. అయితే మీలో చాలామంది ఆడింది బాల్ బ్యాడ్మింటన్ కదూ? పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, సాయంత్రం నీళ్లు చల్లి చదును చేసుకున్న మట్టి కోర్టు. ఆ బంతి 30 గ్రాముల దాకా తూగుతుంది, గాలికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే కప్పుల్లేని మన హైస్కూళ్లలో, రైల్వే కాలనీల్లో అదే బతికింది. వరంగల్ పిచ్చయ్యగారికి 1970లో అర్జున అవార్డు వచ్చింది ఆ ఆటకే. ఆయన పేరు ఇప్పటి పిల్లలకు తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

కప్పు కింది ఆటకు వస్తాను. 1947లో లాహోర్ కుర్రాడు ప్రకాశ్ నాథ్, తోటి ఆటగాడు దేవిందర్ మోహన్‌తో కలిసి ఆల్ ఇంగ్లండ్ పోటీలకు వెళ్లాడు. క్వార్టర్ ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు పడ్డారు. అంత దూరం వచ్చి ఒకరినొకరు అలసగొట్టుకోవడం దేనికని నాణెం ఎగరేసి తేల్చుకున్నారట! నాథ్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఫైనల్ రోజు చూసిన పేపర్లో లాహోర్ తగలబడుతోందన్న వార్త. ఇంటివాళ్లు ఏమయ్యారో తెలియని మనిషి రాకెట్ పట్టుకుని కోర్టులోకి దిగి, స్వీడన్ ఆటగాడు జెప్సెన్ చేతిలో ఓడిపోయాడు. దేశ విభజనలో ఇల్లూ ఊరూ పోయి బొంబాయి చేరాడు. ఇంకో ఏడాదిలో ఆడి ఉంటే అనుకుంటూ ఉంటాను, ఏం లాభం?

తర్వాత నందు నాటేకర్ 1956లో కౌలాలంపూర్‌లో గెలిచి, విదేశంలో టైటిల్ నెగ్గిన తొలి భారతీయుడయ్యాడు. 1965లో లఖ్‌నవూలో దినేశ్ ఖన్నా ఆసియా విజేత. మంచి గెలుపులే, కానీ ఒకరి వెనక ఇంకొకరు రాలేదు.

ప్రకాశ్ పదుకోన్ సంగతికొస్తే నా కలం ఆగదు. ఆయన తండ్రి మైసూరు బ్యాడ్మింటన్ సంఘం కార్యదర్శి. అయినా బెంగళూరులో పిల్లవాడికి దొరికిన కోర్టు, ఇంటి దగ్గరి కల్యాణ మండపం! పెళ్లి ఉంటే ఆట లేదు. ముహూర్తాలు లేని రోజు బడి వదలగానే పరుగెత్తేవాళ్లమని తన కూతుళ్లకు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నారు. శ్రావణమాసం వస్తే ఆ కుర్రాడి మొహం ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి. అలా నేర్చుకున్న మనిషి 1971 నుంచి వరసగా తొమ్మిదేళ్లు జాతీయ విజేత. 1980లో లండన్‌లో, అంతకుముందు రెండేళ్లూ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఇండోనేసియా వీరుడు లిమ్ స్వీ కింగ్‌ను 15-3, 15-10తో ఓడించాడు. ఆ స్కోరు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఎదుటివాడి స్మాష్‌ను నెట్ దగ్గర మెత్తగా చంపేసేవాడు. ఆ ఓపిక, పెళ్లివారు వెళ్లేదాకా కాచుకోవడంలోనే అబ్బిందని నా అనుమానం.

ఆయన 1994లో బెంగళూరులో అకాడమీ పెట్టారు. మన హైదరాబాద్‌లో అప్పటికే ఆరిఫ్ సాబ్ ఉన్నారు. లెక్కలు చెప్పిన మాస్టారు సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్, లాల్‌బహదూర్ స్టేడియంలో తరాల పిల్లలకు రాకెట్ పట్టడం నేర్పారు. ఆయన శిష్యుడే పుల్లెల గోపీచంద్. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపి, ఇంజనీరింగ్ పరీక్ష తప్పడం తన అదృష్టమని సభల్లో చెబుతుంటారు. మన ఇళ్లలో ఇలాంటి అదృష్టాన్ని ఎందరు తండ్రులు భరించగలరు చెప్పండి! మోకాలు దెబ్బతిని, కోలుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. నాకు ఆ కప్పు కన్నా తర్వాత చేసిన పని గొప్పగా తోస్తుంది. గచ్చిబౌలిలో ప్రభుత్వం ఐదెకరాలిస్తే, కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లిచ్చారు. 2008కి అకాడమీ లేచింది.

కప్పు ఒకటుంటే చాలదు, దాని కిందికి రోజూ తీసుకెళ్లే మనిషి కావాలి. హర్యానానుంచి వచ్చిన సైనా తండ్రి రాజేంద్రనగర్‌నుంచి స్టేడియానికి చీకటితోనే స్కూటరు తీసేవారు. ఎనిమిదేళ్ల పిల్ల వెనక నిద్రలో జారిపోతుందని తల్లి కూడా ఎక్కి పట్టుకుని కూర్చునేది. సింధు మారేడ్‌పల్లినుంచి గచ్చిబౌలికి రోజూ 56 కిలోమీటర్లు తిరిగేది. వాలీబాల్‌లో అర్జున అందుకున్న తండ్రికి ఆ తిప్పట ఏమిటో తెలుసు. లండన్ కాంస్యం, రియో రజతం, 2019లో ప్రపంచ టైటిల్ మీకు నోటికొచ్చినవే, వాటి జోలికి పోను. ఆ స్కూటరు గురించి మాత్రం ఎన్నిసార్లయినా మాట్లాడతాను.

2022 మే నెలలో ఆ ఆదివారం మీరు ఎక్కడున్నారు? జట్లుగా ఆడే థామస్ కప్ ఫైనల్‌కు మనం చేరడమే మొదటిసారి. అవతల 14సార్లు గెలిచిన ఇండోనేసియా. లక్ష్య సేన్ మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకోగానే మా ఇంట్లో ఒకరు టీవీ కట్టేయబోయారు. తర్వాత అతను గెలిచాడు, అమలాపురం సాత్విక్, ముంబయి చిరాగ్ నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచారు, గుంటూరు శ్రీకాంత్ పని ముగించాడు. 3-0. అల్మోరా కుర్రాడు లక్ష్య పదుకోన్ అకాడమీలో పెరిగినవాడు, సాత్విక్, శ్రీకాంత్ గోపీ దగ్గర పెరిగినవాళ్లు. ఇద్దరు పాత విజేతలు కట్టిన రెండు కప్పుల కిందినుంచి వచ్చి గెలిచారు.

"అంటే రెండు ఊళ్లేనా దేశమంటే?" అని మీరు అడగకముందే ఒప్పుకుంటున్నాను, అదే నా బెంగ కూడా. పారిస్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్‌లో ఒక్క పతకమూ రాలేదు. అయితే 2024లో మన అమ్మాయిలు ఆసియా టీమ్ టైటిల్ గెలిచినప్పుడు ఆఖరి మ్యాచ్ నెగ్గిన అన్‌మోల్ ఖర్బ్ ఫరీదాబాద్ పిల్ల, వయసు 17. గువాహటిలో జాతీయ శిక్షణ కేంద్రం వచ్చింది. కదలిక ఉంది, నెమ్మదిగా.

మీలో ఒకరు, కొడుకును అకాడమీలో చేర్చమంటారా అని అడిగారు. కూడబెట్టిన డబ్బు లేకపోతే పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని 2025లో గోపీచందే అన్నారు. చదివి నిర్ఘాంతపోయాను, తర్వాత ఆలోచిస్తే కడుపులోంచి వచ్చిన మాటే అనిపించింది. ఈకల కాక్ ధర చూశారా? గట్టిగా ఆడితే పూటకు ఎన్ని పాడవుతాయో! కోర్టు అద్దె, కోచ్ ఫీజు, ఊరూరా పోటీలు, ఆపైన ఉద్యోగం ఏమవుతుందన్న భయం. అయినా చేర్చండమ్మా. ఒంటికి మంచిది, ఓడిపోవడం అలవాటవుతుంది. చదువు మాత్రం మానిపించకండి, పదిహేనేళ్లు రాకముందే ఒలింపిక్స్ లెక్కలు వేయకండి.

ఇక నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ షెడ్లు పొద్దునా సాయంత్రం కిటకిటలాడి, మధ్యాహ్నం పదకొండునుంచి నాలుగు దాకా ఖాళీగా పడి ఉంటాయి. మా పేట యజమానిని ఆ వేళ పక్కనున్న సర్కారు బడి పిల్లలకు రెండు కోర్టులు వదలమని అడిగాను. కరెంటు బిల్లు ఎవరు కడతారన్నాడు. తప్పుపట్టలేను, అతనూ అప్పు చేసి వేసుకున్నాడు. మీ ఊళ్లో ఎవరైనా అలా ఇస్తున్నారా? లైట్ల ఖర్చు, పాత కాక్‌ల సంగతి ఎలా సర్దుకుంటున్నారు? వివరంగా రాయండి, అతనికి చూపిస్తాను.

ఉంటాను మరి. ఎండలో తిరగకండి.

మీ
ఉత్తరాల నేస్తం